కాఫీ మానడం, డైట్ మార్చడం: రెండూ ఒకే సోమవారం వద్దు

బ్లడ్ రిపోర్టులో షుగర్ గీత దాటిందని డాక్టర్ చెప్పగానే మన ఇళ్లలో ఒక తీర్మానం జరుగుతుంది. సోమవారం నుంచి తెల్లన్నం బంద్, కొర్రలు మొదలు, పనిలో పనిగా కాఫీ కూడా బంద్. నేనూ అదే చేశాను. రాత్రికే తల బరువెక్కింది. మంగళవారం పిల్లల్ని స్కూల్ నుంచి తీసుకొచ్చి సోఫాలో పడిపోయాను. బుధవారం వికారం. గురువారం "కొర్రలు నా ఒంటికి పడవు" అని తేల్చేసి, సంచీ ఎవరికో ఇచ్చేసి, అన్నం వండుకుని తిని, పైన కాఫీ తాగాను. గంటలో తలనొప్పి మాయం. అన్నమే నయం చేసిందనుకున్నాను. బీఎస్సీ చదివినదాన్ని, కాఫీ మీద అనుమానమే రాలేదు! మళ్లీ డైట్ జోలికి వెళ్లడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఈలోగా షుగర్ ఇంకాస్త పెరిగింది.

మెదడులో అడినోసిన్ అనే పదార్థం మనకు అలసట, నిద్ర తెప్పిస్తుంది. అది కూర్చోవాల్సిన చోట కెఫీన్ కూర్చుంటుంది. రోజూ ఇలా జరిగితే మెదడు అలాంటి చోట్లను ఇంకా పెంచుకుంటుంది. కాఫీ ఒక్కసారిగా ఆపితే అడినోసిన్‌కు అడ్డు ఉండదు, మెదడులో రక్తనాళాలు వ్యాకోచిస్తాయి. అదే ఆ తలనొప్పి. చివరి కప్పు తాగిన 12 నుంచి 24 గంటల్లో మొదలై, ఒకటి రెండు రోజుల్లో ముదిరి, 2 నుంచి 9 రోజులు ఉంటుంది. నీరసం, చిరాకు, వికారం, ఒళ్లు నొప్పులు కూడా రావచ్చు. రోజుకు ఒక్క కప్పు తాగేవారికీ రావచ్చు. ఇది మన బలహీనత కాదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన డీఎస్ఎం-5లో దీన్ని ఒక సమస్యగానే చేర్చారు.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 400 మిల్లీగ్రాముల కెఫీన్ వరకు ఫరవాలేదని అమెరికా ఎఫ్‌డీఏ అంటుంది. గర్భిణులకు 200 లోపే అని డాక్టర్లు చెబుతారు. ఎనిమిది ఔన్సుల డ్రిప్ కాఫీలో సుమారు 95, టీలో 50 లోపు ఉంటుంది. మన ఫిల్టర్ డికాక్షన్‌కు లెక్క కట్టడం కష్టం, ఎవరి చిక్కదనం వారిది. డీకాఫ్‌లోనూ కొద్దిగా ఉంటుంది. చికోరీలో మాత్రం అసలుండదు.

రెండోసారి నాకు పనికొచ్చింది ఆ చికోరీయే. రోజుకు మూడు గ్లాసులు తాగేదాన్ని. మొదటి వారం సాయంత్రం గ్లాసు ఒక్కటే తీసేశాను. తాగిన ఐదు గంటలకు కూడా కెఫీన్ దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది కాబట్టి, అది ఆపగానే నిద్ర బాగుపడింది. తర్వాత చికోరీ ఎక్కువ కలిసిన 60:40 పొడికి మారాను. మూడో వారం అందులో డీకాఫ్ పొడి సగం కలిపాను. నాలుగో వారానికి పొద్దున చిన్న గ్లాసు మిగిలింది. తలనొప్పి ఒక్కరోజు కూడా పనిమానిపించలేదు. ఆ తర్వాతే కొర్రలు కొన్నాను. ఈసారి పడ్డాయి!

అయితే షుగర్ బాగా ఎక్కువున్నవారు కాఫీ కోసం తిండి మార్పును నెల వాయిదా వేయొద్దు. ముందు తిండే మార్చండి, కాఫీని చక్కెర లేకుండా అలాగే ఉంచండి. గ్లాసుకు రెండు చెంచాల చొప్పున మూడు గ్లాసులంటే రోజుకు దాదాపు 25 గ్రాముల చక్కెర. అది తగ్గినా చాలా తగ్గినట్టే.

షుగర్ మందులు వాడేవారు అన్నం తగ్గించాక వణుకు, చెమట, తలనొప్పి వస్తే కాఫీ లేక అనుకుని పడుకోవద్దు. షుగర్ పడిపోయి ఉండొచ్చు. వెంటనే గ్లూకోమీటర్‌తో చూసుకోండి, మందుల మోతాదు గురించి డాక్టర్‌ని అడగండి. ఎన్నడూ లేనంత తీవ్రంగా తలనొప్పి హఠాత్తుగా వస్తే అది కాఫీ సంగతి కాదు, ఎమర్జెన్సీకి వెళ్లండి.

శాకాహారులకు ఇంకో లాభముంది. కాఫీ, టీ భోజనంతో పాటు తాగితే ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. పూర్తిగా మానలేకపోతే భోజనానికీ కాఫీకీ కనీసం గంట ఎడం పెట్టండి. పొద్దున టిఫిన్ బదులు కాఫీతో సరిపెట్టేవాళ్లకు మానిన కొత్తలో పదింటికల్లా ఆకలేస్తుంది. అది మామూలే, ఏదైనా తినండి. కొందరికి విరేచనం కూడా బిగుస్తుంది, నీళ్లు ఎక్కువ తాగండి.

తలనొప్పికి ఊరినుంచి తెచ్చుకున్న సారిడాన్ వేసుకుంటున్నారా? అందులో కెఫీన్ ఉంది. ఇక్కడ దొరికే ఎక్సెడ్రిన్‌లో మాత్రకు 65 మిల్లీగ్రాములు. మానేశామనుకుంటూ రోజుకు రెండు వేసుకుంటే అది ఒక కప్పు కాఫీకి మించిన లెక్క.