డిజిట్: వేలికీ అంకెకూ ఒకే మాట

డిజిట్ అనే ఇంగ్లీషు మాటకు అంకె అనీ, వేలు అనీ రెండు అర్థాలు. దీని మూలం లాటిన్ ‘డిగిటుస్’. తెలుగు ‘వేలు’ లాగే ఆ లాటిన్ మాట కూడా చేతికీ కాలికీ ఒక్కటే. వాడుక ఇంగ్లీషులో మాత్రం ఫింగర్, టో, థంబ్ అని వేర్వేరు పేర్లున్నాయి. అందుకే అన్నిటినీ కలిపి చెప్పాల్సి వచ్చినప్పుడు వైద్యులు, జంతుశాస్త్రవేత్తలు డిజిట్‌నే ఎంచుకుంటారు. గుర్రం గిట్ట మూడో డిజిట్ మీద ఉంటుందన్నది పాఠ్యపుస్తకాల్లో కనిపించే మాట.

‘చూపించు’ అనే అర్థమున్న ప్రాచీన ఇండో-యూరోపియన్ ధాతువు నుంచి డిగిటుస్ పుట్టిందని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. సంస్కృతం నుంచి తెలుగుకు వచ్చిన దిశ, ఆదేశం, ఉపదేశం అనే మాటలదీ ఆ ధాతువే. రోమన్లకు ఇది కొలత కూడా. వేలి వెడల్పు ఒక డిగిటుస్, 16 డిగిటుస్‌లు ఒక అడుగు. ఇప్పటి లెక్కలో ఒక్కొక్కటి సుమారు 1.85 సెంటీమీటర్లు.

ఈ చరిత్రలో అన్నిటికన్నా ఆకర్షించే ఘట్టం మధ్యయుగానిది. ఈశాన్య ఇంగ్లండ్‌లోని జారో మఠంలో ఉన్న బీడ్ అనే క్రైస్తవ సన్యాసి 725లో కాలగణన మీద ఒక గొప్ప గ్రంథం రాశాడు. ఈస్టర్ పండుగ తేదీని గణించడం అప్పట్లో మఠాలకు పెద్ద పని. అందుకే ఆయన ముందుగా వేళ్ల లెక్కను వివరించాడు. ఎడమచేతి చిటికెన, ఉంగరపు, మధ్య వేళ్లను మడిచి ఒకట్లు, చూపుడువేలు, బొటనవేలుతో పదులు చూపాలి. కుడిచేతి మీద వందలు, వేలు. ఇలా రెండు చేతులతో 9,999 దాకా చూపవచ్చు. కాగితం ఎరగని ఆనాటి యూరప్‌లో ఇది అద్భుతమైన సాధనం.

తర్వాతి గణిత గ్రంథాలు పదికి లోపు సంఖ్యలను ‘వేళ్లు’ అనీ, పది, ఇరవై, ముప్పై వంటి వాటిని ‘కణుపులు’ అనీ పిలిచాయి. 1202లో ఫిబొనాచీ తన ‘లిబెర్ అబాచీ’లో భారతీయుల తొమ్మిది అంకెలను, సున్నను వివరిస్తూనే చేతి గుర్తులనూ చేర్చాడు.

ఇంగ్లీషులోకి డిజిట్ 14వ శతాబ్దం చివర వచ్చింది, అదీ అంకెగానే. వేలు అనే అర్థం ఆ భాషలో 17వ శతాబ్దం నుంచి కనిపిస్తుంది. మూలంలో ముందున్న అర్థం ఇంగ్లీషుకు రెండున్నర శతాబ్దాలు ఆలస్యంగా చేరిందన్నమాట.

ఈలోగా 1542లో జర్మన్ వైద్యుడు లియోన్‌హార్ట్ ఫుక్స్ అంగుస్తానా లాంటి పూలున్న మొక్కకు డిజిటాలిస్ అని పేరుపెట్టాడు. ఈ మొక్క ఔషధ గుణాల మీద ఇంగ్లండ్‌లో విలియం వితరింగ్ రాసిన పుస్తకం 1785లో వెలువడింది. గుండె జబ్బులకు ఇచ్చే డిగాక్సిన్ ఈ ప్రజాతి మొక్కల నుంచి వచ్చిందే.

ఇరవయ్యో శతాబ్దంలో మాటకు కొత్త జీవం వచ్చింది. 1942లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ గణితవేత్త జార్జ్ స్టిబిట్జ్ ‘డిజిటల్’ అనే విశేషణాన్ని గణన యంత్రాలకు ప్రతిపాదించాడు. ‘బైనరీ డిజిట్’ను జాన్ ట్యూకీ ‘బిట్’ అని కుదించగా, 1948లో క్లాడ్ షానన్ తన సమాచార సిద్ధాంత వ్యాసంతో దాన్ని లోకానికి పరిచయం చేశాడు.

వైద్యంలో మాత్రం పాత అర్థం చెక్కుచెదరలేదు. ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే ‘డిజిటల్ రెక్టల్ ఎగ్జామినేషన్’లో కంప్యూటర్ ప్రమేయం ఉండదు. వైద్యుడు చేతొడుగు వేసుకుని వేలితో చేసే పరీక్ష అది.