అడవి మీద జీబ్రాలు

"ఏసీ కరెంటు తీగ పైపొరలోనే పారుతుంది, మధ్యలో పారదు. అందుకే మధ్యలో స్టీలు పెట్టి చుట్టూ అల్యూమినియం తీగలు చుడతారు." ఇంజనీరింగ్ చదివిన మనలో చాలామంది వైవాలో అప్పజెప్పిన జవాబే ఇది. మొదటి ముక్క కొంతవరకూ నిజం. రెండోది మాత్రం ఎవరో తర్వాత అతికించిన కథ. సాక్ష్యం కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు. మా దమ్మపేట నుంచి భద్రాచలం, చింతూరు దాటి మోతుగూడెం వైపు వెళ్తే చాలు.

అసలు ఈ 'స్కిన్ ఎఫెక్ట్' లెక్క మొదట కట్టింది హొరేస్ లాంబ్, 1883లో, గుండ్రటి బంతిలాంటి వాహకానికి. 1885లో ఆలివర్ హెవిసైడ్ దాన్ని ఏ ఆకారానికైనా వర్తించేలా చేశాడు. (ఈయన డిగ్రీ లేని మాజీ టెలిగ్రాఫ్ ఆపరేటరు. మన హెచ్చార్ వాళ్ళు మొదటి రౌండులోనే పంపించేసేవాళ్ళు!) ఆ లెక్క ప్రకారం మన 50 హెర్ట్జ్ దగ్గర అల్యూమినియంలో కరెంటు లోతు సుమారు 12 మిల్లీమీటర్లు.

ఇప్పుడు మన దేశంలో 220 కేవీ లైన్లకి మామూలుగా వేసే 'జీబ్రా' తీగని చూడండి. మధ్యలో 7 స్టీలు పోగులు, చుట్టూ మూడు వరసల్లో 54 అల్యూమినియం పోగులు, ఒక్కోటి 3.18 మిల్లీమీటర్లు. అంటే అల్యూమినియం మందం మొత్తం తొమ్మిదిన్నర మిల్లీమీటర్లే. 12 కంటే తక్కువ! కరెంటు లోపలి వరసలో కూడా శుభ్రంగా పారుతుంది. ఏసీ వల్ల పెరిగే నిరోధం ఏదో కొద్ది శాతం.

మరి స్టీలు ఎందుకు? బరువు మొయ్యడానికి, అంతే. రాగి ఖరీదు, బరువు. అల్యూమినియం తేలికేగానీ లాగితే సాగిపోతుంది. 20వ శతాబ్దం మొదటి పదేళ్ళలో అమెరికాలో మధ్యలో ఉక్కు పెట్టి ఈ చిక్కు విప్పారు. ఒక కొండ నుంచి ఇంకో కొండకి తీగ లాగాలంటే అదే దిక్కు.

ఇక మన సాక్ష్యం. పొల్లూరు దగ్గర దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం 1976-78 మధ్య నడక మొదలెట్టింది, 115 మెగావాట్ల యూనిట్లు నాలుగు. అప్పుడది ఖమ్మం జిల్లా, 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లోకి పోయింది. అక్కణ్ణించి బస్తర్‌లోని బార్సూర్‌కి 196 కిలోమీటర్ల 220 కేవీ డబుల్ సర్క్యూట్ లైను. 1989లో అందులో ఒక సర్క్యూట్‌ని డీసీకి మార్చారు, 100 కేవీ, 100 మెగావాట్లు. దేశంలో మొదటి హెచ్‌వీడీసీ లైను అదే, బీహెచ్ఈఎల్ సొంతంగా చేసిన ప్రయోగం. డీసీలో స్కిన్ ఎఫెక్టే ఉండదు కదా, అయినా తీగ మార్చలేదు. ఏసీకి వేసిన అదే తీగలో డీసీ పారింది. మార్చింది స్కిన్ ఎఫెక్ట్ బాధ పడలేక కాదు, దక్షిణ, పశ్చిమ గ్రిడ్లు ఒకే తాళంలో నడవకపోవడం వల్ల. 2013 డిసెంబరు 31 దాకా ఆ రెండూ ఏసీతో కలవలేదు.

ఆకారం పట్టింపు నిజంగా వచ్చేది వేరే చోట్ల. జనరేటరు నుంచి ట్రాన్స్‌ఫార్మరుకి వేల ఆంపియర్లు మోసే బస్‌బార్లు బోలు గొట్టాలుగా ఉంటాయి, అక్కడ మాత్రం స్కిన్ ఎఫెక్టే కారణం. ఇంకోటి కరోనా (వైరస్ కాదండోయ్). తీగ సన్నమైతే దాని చుట్టూ గాలి అయనీకరణమై చిటపటలాడుతుంది, కరెంటు గాల్లో కలుస్తుంది. అందుకే 1936లో హూవర్ డ్యామ్ నుంచి లాస్ ఏంజెలెస్‌కి వేసిన 287 కేవీ లైనుకి బోలు రాగి తీగలు వాడారు. మన 400 కేవీ లైన్లలో రెండేసి 'మూస్' తీగలు 45 సెంటీమీటర్ల ఎడంలో జతగా పోయేదీ అందుకే. కరెంటు దృష్టిలో ఆ జత ఒకే లావుపాటి తీగ.

ఊళ్ళోకొచ్చేసరికి ఆకారం గొడవే లేదు. 'స్క్విరల్' అయినా 'రాబిట్' అయినా ఒక స్టీలు పోగు, చుట్టూ ఆరు అల్యూమినియం పోగులు. తేడా లావులోనే, స్క్విరల్ నిరోధం రాబిట్‌కి రెండున్నర రెట్లు. పామాయిల్ తోట చివర ఉన్న బోరు మోటారుకి ఇదే ప్రాణాంతకం. సన్న తీగ మీద దూరం పెరిగేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది, మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, వైండింగు కాలిపోతుంది. లైన్‌మన్‌ని అడిగితే "లైను బాగానే ఉందండీ" అంటాడు. అబద్ధం కాదు, తీగ తెగలేదుగా! హెచ్‌వీడీఎస్ పేరుతో 11 కేవీని మోటారు దాకా తెచ్చి అక్కడే చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టడం ఈ జబ్బుకి సరైన మందు. అది పడిన పొలాల్లో అదే సన్న తీగ చాలు, ఎందుకంటే 11 కేవీ దగ్గర అంతే పనికి మోయాల్సిన కరెంటు ఎన్నో రెట్లు తక్కువ.