బంగారం, పాదరసం, పిప్పిపన్ను

1833లో క్రాకోర్ సోదరులని చరిత్రకారులు పిలిచే దంతవైద్యులు ఐరోపా నుంచి న్యూయార్క్‌లో దిగారు. గదులు ఆడంబరంగా అలంకరించి, పత్రికల్లో ప్రకటనలు గుప్పించారు. పుచ్చిన పన్నును నొప్పి తెలియకుండా నిమిషాల్లో పూడ్చేస్తామన్నది వాళ్ల హామీ. వాడిన సరుకు వెండి నాణేల పొడిలో పాదరసం కలిపిన ముద్ద. దానికి వాళ్లు పెట్టిన పేరు మాత్రం ‘రాయల్ మినరల్ సక్సిడేనియం’. పుచ్చును గోకి తీసే శ్రమ పెట్టుకోకుండా దాని మీదే ఈ ముద్ద అద్ది డబ్బు పుచ్చుకునేవారు. కొన్నాళ్లకే పూతలు ఊడాయి, పళ్లు విరిగాయి, జనం తిరగబడ్డారు. 1834 నాటికి సోదరులు ఊరు విడిచారు. ముద్ద మాత్రం అక్కడే ఉండిపోయింది.

జనం అంత సులువుగా ఎందుకు నమ్మారో తెలియాలంటే, అప్పటి నమ్మకమైన వైద్యం ఎలా ఉండేదో చూడాలి. పేరున్న వైద్యుడు పన్ను పూడ్చేది బంగారు రేకుతో. పుచ్చిన భాగాన్ని చేతి పనిముట్లతో చెక్కి, పలచని రేకులను ఒకదాని మీద ఒకటి కుక్కుతూ గట్టిగా అదమాలి. మధ్యలో లాలాజలం తగిలితే పని చెడిపోతుంది. పెద్ద గుంటకు గంటలు పట్టేది. మత్తు ఇచ్చే పద్ధతి 1840ల దాకా రాలేదు, పంటిని పొడిగా ఉంచే రబ్బరు తెర 1864 దాకా రాలేదు. ఆ కుర్చీలో కూర్చోవడానికి ధైర్యంతో పాటు డబ్బూ ఉండాలి. రెండూ లేనివాళ్లకు మిగిలింది పన్ను పీకించుకోవడమే.

ఇంకో సంగతి. అసలు పన్ను ఎందుకు పుచ్చుతుందో అప్పటికి ఎవరికీ స్పష్టంగా తెలియదు. పంటిని పురుగు తొలుస్తుందన్న నమ్మకం బాబిలోనియా మంత్రాల కాలం నుంచీ ఉంది. మన పల్లెల్లో వాకుడు గింజల పొగ పట్టించి పంటిపురుగును రాలగొట్టే వైద్యం దానికి దూరపు చుట్టమే. పారిస్ వైద్యుడు పియర్ ఫోషార్ 1728లో అచ్చువేసిన తన గ్రంథంలో, సూక్ష్మదర్శినితో వెతికినా ఆ పురుగు తనకు కనబడలేదని రాశాడు. పుచ్చు తీసేసి సీసం, తగరం రేకులతో పూడ్చే పద్ధతినీ ఆయన వర్ణించాడు. పురుగు లేదని తేలింది కానీ, ఉన్నదేమిటో తేలడానికి మరో నూట అరవై ఏళ్లు పట్టింది.

క్రాకోర్లు పోయాక అమెరికా దంతవైద్యులు చేసిన పని ఆసక్తికరమైనది. 1840లో బాల్టిమోర్‌లో ప్రపంచంలోనే మొదటి దంతవైద్య కళాశాల పుట్టింది. అదే ఏడు న్యూయార్క్‌లో అమెరికన్ సొసైటీ ఆఫ్ డెంటల్ సర్జన్స్ ఏర్పడింది. చేపిన్ హారిస్, హొరేస్ హేడెన్ రెండింటికీ మూలపురుషులు. మంగలి, కమ్మరి, ఊరూరా తిరిగే పళ్లు పీకేవాడు, అందరూ చేసే పనిని చదువుకున్నవాళ్ల వృత్తిగా నిలబెట్టాలన్నది వాళ్ల పట్టుదల. ఆ పట్టుదలకు ఒక శత్రువు కావాలి. పాదరసం ముద్ద దొరికింది. ఎన్నడూ దాన్ని వాడబోమని ప్రతి సభ్యుడూ సంతకం చేయాలని 1845లో సొసైటీ శాసించింది. ఒప్పుకోనివాళ్లను బయటికి పంపింది. ఈ ముద్దనే అమాల్గం అంటారు; ‘అమాల్గం యుద్ధం’గా పేరుపడ్డ ఘట్టం ఇదే.

దీన్ని బంగారం వ్యాపారమని తీసిపారేసిన రచయితలు ఉన్నారు. నాకు అది సగం నిజమే అనిపిస్తుంది. చవకైన ముద్ద వల్ల ఆదాయం పోతుందన్న భయం ఉన్నమాట నిజం. కానీ పాదరసం విషమని అప్పటి వైద్యులకు తెలుసు. దాన్ని మందుగా మింగినవాళ్ల చిగుళ్లు వాచి పళ్లు రాలడం వాళ్లు కళ్లారా చూశారు. పైగా ఆనాటి ముద్దలో నిజంగానే లోపం ఉంది. నాణెం వెండితో చేస్తే గట్టిపడేటప్పుడు ఉబ్బి పన్నును చీల్చేది. తగరం ఎక్కువైతే కుంచించుకుపోయి అంచున సందు వదిలేది. ఆ సందులోంచి పుచ్చు మళ్లీ మొదలయ్యేది. విచిత్రమేమంటే, దుయ్యబట్టినవాళ్లు గానీ వెనకేసుకొచ్చినవాళ్లు గానీ ఆ ఉబ్బునూ కుంచింపునూ కొలిచి చూడలేదు. పేద రోగులు వచ్చే వైద్యులు ముద్దను వాడుతూనే పోయారు. సంతకం నిబంధనను 1850లో సొసైటీ ఎత్తేసింది. 1856లో సొసైటీయే మూతపడింది.

కొలిచే పనిని కొలిక్కి తెచ్చినవాడు ఇల్లినాయ్‌కి చెందిన గ్రీన్ వార్డిమన్ బ్లాక్. కళాశాలలో కూర్చుని దంతవైద్యం చదివినవాడు కాదు. మరో వైద్యుడి దగ్గర కొన్నాళ్లు ఉండి నేర్చుకున్నాడు. మిశ్రమం గట్టిపడుతుండగా ఎంత వ్యాకోచిస్తుందో చూడడానికి మైక్రోమీటర్లు, నమలేటప్పుడు పడే ఒత్తిడిని లెక్కగట్టడానికి పరికరాలు ఆయన వాడాడు. పాళ్లు మారుస్తూ, అరగదీసిన లోహపు పొడి నిల్వ ఉంటే గుణం ఎలా మారుతుందో కూడా గమనిస్తూ చేసిన పరిశోధనలను 1895, 1896ల్లో ప్రకటించాడు. తేలిందేమిటంటే, సుమారు మూడింట రెండు వంతులు వెండి, పావువంతు తగరం, కొద్దిగా రాగి ఉంటే మిశ్రమం దాదాపు ఉబ్బదు, కుంగదు. సొసైటీలూ శపథాలూ తేల్చలేని తగవు ఇలా ముగిసింది. 1960ల్లో రాగి పాలు పెంచి దాన్ని మరింత మెరుగుపరిచారు.

పుచ్చు రహస్యం కూడా ఆ దశాబ్దంలోనే విడింది. బెర్లిన్‌లో పనిచేసిన అమెరికన్ విలబీ మిల్లర్ 1890లో వెలువరించిన గ్రంథంలో, నోటిలోని సూక్ష్మజీవులు పిండిపదార్థాలనూ చక్కెరనూ పులియబెట్టి ఆమ్లం పుట్టిస్తాయనీ, ఆ ఆమ్లమే పంటిని కరిగిస్తుందనీ వివరించాడు. అంటే ఫిల్లింగ్ గుంటను మూస్తుందే కానీ గుంటను చేసిన కారణాన్ని తాకదు. సిమెంట్ పెట్టించుకున్న పన్ను మళ్లీ ఎందుకు పుచ్చిందని డాక్టరుతో తగువు పడే రోగికి జవాబు అక్కడుంది.

బ్లాక్ పద్ధతికి ఒక మూల్యమూ ఉంది. అమాల్గం పంటికి అంటుకోదు, ఇరుక్కుని నిలుస్తుంది. కాబట్టి గుంట అడుగు వెడల్పుగా, నోరు ఇరుకుగా ఉండేలా చెక్కాలి. మళ్లీ పుచ్చకుండా ముందుజాగ్రత్తగా పక్కనున్న గాడులనూ కలిపి చెక్కాలని బ్లాక్ నేర్పాడు. అలా ఎంతో మంచి పన్ను పోయింది. ఆయన చేసిన గుంటల వర్గీకరణను నేటికీ హైదరాబాదులోనైనా విజయవాడలోనైనా బీడీఎస్ విద్యార్థులు వల్లెవేస్తారు. చెక్కుడు మాత్రం తగ్గింది. 1955లో రోచెస్టర్‌లో మైకేల్ బ్యూనకోర్ పంటి పింగాణీ మీద ఫాస్ఫారిక్ ఆమ్లం పూసి, కంటికి కనబడని గరుకుదనం తెచ్చి, రెసిన్‌ను దానికి పట్టుకునేలా చేశాడు. లోహానికి రంగు బాగా పట్టాలని పరిశ్రమల్లో ముందుగా ఆమ్లం పూయడమే ఆయనకు ఆ ఆలోచన ఇచ్చింది. 1962లో రఫేల్ బోవెన్ గట్టి రెసిన్‌లో సిలికా పొడి కలిపి నేటి పన్నురంగు కాంపోజిట్‌కు పునాది వేశాడు. పన్నును అంటిపెట్టుకునే పదార్థం దొరికాక పుచ్చినంత మేరకే తీస్తే సరిపోతుంది.

పాదరసం కథ మళ్లీ తెరపైకి వచ్చింది, ఈసారి నోటి కన్నా నీటి గురించి. జపాన్‌లోని మినమాటా పేరిట 2013లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం పాదరసం వాడకాన్ని అన్ని రంగాల్లో తగ్గించాలంది. అమాల్గం బరువులో సగం దాకా పాదరసమే. తీసేసిన ఫిల్లింగుల ముక్కలు కాలువల్లోకి, మృతదేహాలను దహనం చేసినప్పుడు ఆవిరి గాలిలోకి చేరతాయి. నార్వే 2008లో, స్వీడన్ 2009లో అమాల్గాన్ని దాదాపు మానేశాయి. ప్రత్యేక వైద్య అవసరం ఉన్నచోట తప్ప వాడరాదన్న యూరోపియన్ యూనియన్ నిషేధం 2025 జనవరి 1న అమల్లోకి వచ్చింది. 1845 శపథం గెలిచినట్టు పైకి కనబడుతుంది. కానీ ఆ సొసైటీ భయపడింది రోగి దేహానికి, ఈ చట్టాలు ప్రధానంగా చూసింది పర్యావరణాన్ని.

అమాల్గం పోయినచోట చవకైన ఫిల్లింగ్ ఏదన్న పాత ప్రశ్న తిరిగి లేచింది. కాంపోజిట్‌కు ఆరిన పన్ను, వెలుగుతో దాన్ని గట్టిపరిచే యంత్రం, ఓపికగల చేయి కావాలి. దారి ఒకటి 1980ల నడుమ టాంజానియాలో మొదలైంది. కరెంటు లేని గ్రామాల్లో చేతి పనిముట్లతోనే మెత్తని పుచ్చు తీసి, సిమెంటు అదిమి పూడ్చే పద్ధతి అది. తర్వాత అందులో బ్రిటన్‌లో విల్సన్, కెంట్ 1972లో ప్రకటించిన గ్లాస్ అయనోమర్‌ను వాడసాగారు. ఆ సిమెంటు పంటికి తనంతట తానే అంటుకుంటుంది, కొద్దికొద్దిగా ఫ్లోరైడు వదులుతుంది. అమాల్గం అంత గట్టిది కాదు, పెద్ద గుంటల్లో త్వరగా అరుగుతుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యావశ్యక మందుల జాబితాలో ఈ సిమెంటును చేర్చింది.