గోల్కొండ పడిపోయిన రాత్రి, ధాన్యం మోసిన మనోళ్ళు



మోకిల నుంచి గోల్కొండ గంట ప్రయాణం. మొన్న హాస్టల్లో ఒక సీనియరన్న "ఔరంగజేబుకు గోల్కొండ గెలిపించింది మన లంబాడోళ్ళే" అన్నడు. వినంగనే ఖుషీ అయింది. లైబ్రరీలో కూసొని చదివితే మాత్రం కథ అంత సాఫీగా లేదు.

రాజధాని రెండుసార్లు పడ్డది. 1685లో మొఘల్ సైన్యం వస్తే తానీషా హైదరాబాదు నగరం వదిలి రాత్రికి రాత్రే గోల్కొండ కోటలోకి పోయిండు. నగరాన్ని దోచుకున్నరు. 1686లో బీజాపూర్ పడ్డాక, 1687 మొదట్లో ఔరంగజేబే స్వయంగా గోల్కొండ ముందు డేరాలేసిండు. ఎనిమిది నెలలు ముట్టడి. కోట గోడ కింద సురంగాలు తవ్వి మందు పేలిస్తే, అది వెనక్కి తన్ని వాళ్ళ సైనికులే చచ్చిన్రు.

అన్నిటికంటే ఎక్కువ కొట్టింది ఆకలి. దేశంలో అప్పటికే కరువు. పైనుంచి వానలు. మంజీరా పొంగి, ఇవతలికి ధాన్యం దాటలేదు. ఇప్పుడు హైదరాబాదుకు తాగునీళ్ళిచ్చే మంజీరానే అది! కోట లోపల తిండి ఉంది, బయట చక్రవర్తి దండు పస్తులున్నది.

ఇక్కడే మన సంగతి వస్తది. ఆ కాలంలో దండుకు తిండి చేర్చేది బంజారాల ఎడ్లే. బండ్లు కాదు, ఎద్దు వీపు మీద గోనెలు. దాన్నే మనం లదేణి అంటం. తండా అంటే మొదట ఊరు కాదు, నడిచే ఎడ్ల బిడారు. 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు వర్తకుడు ఉత్తరాన 14,000 ఎడ్ల తండాను చూసి రాసిండు. మనోళ్ళు ఒక్క పక్షానికే కట్టుబడినోళ్ళు కాదు, ధాన్యం కొనేటోళ్ళకు అమ్మిన్రు. ఎడ్లను దోచుకుంటే రేపు తమ కడుపే మాడుతదని ఎదిరి సైన్యాలు కూడా దారి ఇచ్చేటివి.

మరి కోట ఎట్ల పడ్డది? లంచంతో. 1687 సెప్టెంబరు 21 తెల్లవారుజామున అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే సొంత సర్దారే దిడ్డి తలుపు తీసిండు. అబ్దుల్ రజాక్ లారీ ఒక్కడే ఒళ్ళంతా గాయాలతో కొట్లాడిండు. తానీషాను దౌలతాబాదు కోటలో పెట్టిన్రు, అక్కడే చచ్చిపోయిండు.

అందుకే సీనియరన్న మాటకు నేను ఒప్పుకోను. గెలిపించింది ఎడ్లు కాదు, తీసిన తలుపు. కానీ తలుపు తీసినోడి పేరు పుస్తకాల్లో ఉంది, గెలిచిన రాజు పేరూ ఉంది, ఓడిన రాజు పేరూ ఉంది. ధాన్యం మోసిన నాయకుల పేర్లు నేను చదివిన ఏ పేజీలోనూ లేవు. దానికి నాకు నిజంగా కోపం వచ్చింది. అట్లని లేని పేర్లు మనం కల్పిస్తే, రేపు పరీక్షలో ఎవడన్నా అడిగితే ఏం చెప్తం?

మా తాత ఎడ్ల మీద ఉప్పు మోసిన ముచ్చట చిన్నప్పుడు చెప్పేటోడు, రాసిపెట్టుకోలే. మీ తండాల్లో ఇంకా చెప్పేటోళ్ళుంటే, ఏ దారిన పోయేటోళ్ళో, ఏ వాగు దాటేటోళ్ళో అడిగి ఇక్కడ పెట్టున్రి.