యుద్ధంలో కంటైనర్లు

మనలో చాలామందికి కంటైనరంటే ఇండియాకి సామాను పంపుకునే ఇనుప పెట్టె. అది ఇంతగా వాడుకలోకి రావడానికి వియత్నాం యుద్ధం కూడా ఒక కారణమని ఎమ్మెస్ చదివే రోజుల్లో మొదటిసారి విన్నాను.

1956లో మాల్కం మెక్లీన్ అనే లారీల వ్యాపారి 58 పెట్టెలను ఓడెక్కించి న్యూఆర్క్ నుంచి హ్యూస్టన్ పంపాడు. సైన్యానికీ కోనెక్స్ అని సొంత పెట్టెలుండేవి గాని అవి చిన్నవి. మిగతా సరుకుతో పాటే ఓడలో పేర్చేవారు కాబట్టి రేవులో చాకిరీ పెద్దగా తగ్గలేదు.

1965లో అమెరికా సైన్యం పెద్ద ఎత్తున వియత్నాంలో దిగింది. లోతైన రేవులు తక్కువ, క్రేన్లు తక్కువ. సరుకుతో వచ్చిన ఓడలు దించే దిక్కులేక సముద్రంలోనే పడిగాపులు కాశాయి. మెక్లీన్ స్వయంగా వెళ్ళి చూసి, అధికారుల వెంటపడి, 1967లో కాంట్రాక్టు సంపాదించాడు. ఆ ఏడాది ఆగస్టులో అతని సీలాండ్ కంపెనీ మొదటి కంటైనర్ ఓడ దనాంగ్ చేరింది. నవంబరులో 609 పెట్టెలతో కామ్‌రాన్ బే చేరిన ఓడ అప్పటి పది మామూలు ఓడల సరుకు మోసింది! తిరుగు ప్రయాణంలో ఖాళీ పెట్టెలెందుకని 1968లో జపాన్ దగ్గర ఆగి, అక్కడి సరుకు అమెరికాకి తేవడం మొదలుపెట్టారు. వ్యాపారి బుర్ర అంటే అదీ.

నాలాంటి సాఫ్ట్‌వేర్ వాడికి అసలు కథ 1991 గల్ఫ్ యుద్ధంలో ఉంది. సుమారు 40,000 కంటైనర్లు సౌదీ చేరాయి. సగానికి పైగా తెరిచి చూస్తే తప్ప లోపలేముందో తెలియలేదు. మన వంటింట్లో హార్లిక్స్ సీసాలో కందిపప్పు ఉన్నట్టే, కాకపోతే అక్కడ అమ్మ లేదు. ఒకే పెట్టెలో నాలుగైదు దళాల సామాను కలిసిపోయేది, కాగితాలు పెట్టెతో పాటు వచ్చేవి కావు. అడిగిన విడిభాగం రాలేదనుకుని మళ్ళీ మళ్ళీ ఆర్డరు పెట్టేవారు. దాంతో గుట్ట ఇంకా పెరిగేది. వాటికి "ఇనుప కొండలు" అని పేరే పడింది. కావలసిన భాగం ఆ కొండలోనే ఎక్కడో ఉన్నా, బండి మాత్రం కదలదు.

అందుకే 2003 ఇరాక్ యుద్ధానికి ముందు, అక్కడికి వెళ్ళే కంటైనర్లన్నిటికీ ఆర్ఎఫ్ఐడీ ట్యాగులు తగిలించమని ఆదేశించారు. ట్యాగు దగ్గర్లోని రీడరుకి రేడియో ద్వారా లోపలి జాబితా చెబుతుంది. అయితే రీడర్లు అన్నిచోట్లా లేవు, కొన్ని పెట్టెలకు ట్యాగులే లేవు, వాడే వాళ్ళకి తర్ఫీదూ చాలలేదు. పంపామన్న సరుక్కీ అందిందన్న సరుక్కీ మధ్య 120 కోట్ల డాలర్ల తేడా ఉందని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ అదే ఏడాది డిసెంబరులో తేల్చింది.

ఇంకో తంటా కూడా ఉంది. సైనికులు ఖాళీ కంటైనర్లను గోదాములుగా, గదులుగా, అడ్డుగోడలుగా వాడేసుకునేవారు. వాటిలో చాలా వరకు షిప్పింగ్ కంపెనీలవి. గడువులోగా తిరిగివ్వకపోతే రోజువారీ అద్దె పడుతూనే ఉంటుంది.