పౌండు నుంచి డాలరు... డాలరు నుంచి ఎటు?

డిజిటల్ నాణేలు వచ్చాక డాలరు పని అయిపోయినట్లేనని మన మిత్రులు కొందరు అంటున్నారు. చరిత్ర చదువుకున్నంతలో నాకు అలా తోచడం లేదు. కారణాలు మనవి చేస్తాను.

ప్రపంచ ద్రవ్యం ఒక్కరోజులో గద్దె దిగదు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు లండన్ నగరమే ప్రపంచానికి బొక్కసం. రెండు యుద్ధాల అప్పులతో బ్రిటన్ నడుం విరిగింది. 1944 జూలైలో అమెరికాలోని బ్రెటన్‌వుడ్స్‌లో 44 దేశాలవారు సమావేశమై, ఔన్సు బంగారానికి 35 డాలర్ల లెక్కన, ద్రవ్యాలను డాలరుకు ముడివేసే ఏర్పాటు చేశారు. అయినా పౌండు వెంటనే పోలేదు. 1949లో, 1967లో విలువ తగ్గించుకుని మెల్లగా వెనక్కి జరిగింది. 1971 ఆగస్టు 15న అధ్యక్షుడు నిక్సన్ డాలర్లకు బంగారం ఇవ్వడం ఆపేశారు. డాలరు కూలుతుందని చాలామంది అనుకున్నారు. కూలలేదు. చమురు బేరాలు, దేశాల అప్పులు దానిలోనే సాగాయి.

మన రూపాయికీ ఇలాంటి కథ ఒకటుంది. కువైట్, బహ్రెయిన్, ఖతార్‌లలో ఒకప్పుడు మన రూపాయే చెల్లేది. బంగారం దొంగరవాణా వల్ల మన విదేశీ మారకం కరిగిపోతుండగా, 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్‌కు ప్రత్యేక నోట్లు వేసింది. 1961లో కువైట్, 1965లో బహ్రెయిన్ సొంత దినార్లు తెచ్చుకున్నాయి. 1966 జూన్ 6న డాలరు ధర 4 రూపాయల 76 పైసల నుంచి 7 రూపాయల 50 పైసలయింది. దాంతో ఖతార్ కూడా తప్పుకుంది. పరాయివాడు మన నోటును దాచుకునేది నమ్మకంతోనే గదా!

ఇక డిజిటల్ నాణేల సంగతి. 2009లో పుట్టిన బిట్‌కాయిన్‌ను 2021లో ఎల్ సాల్వడార్ దేశం చట్టబద్ధ ద్రవ్యం చేసింది. 2025 జనవరిలో చట్టం సవరించి, దాన్ని పుచ్చుకోవలసిన నిర్బంధం తీసేసింది. ఎక్కువగా చెలామణీ అవుతున్నది స్టేబుల్‌కాయిన్. నాణేనికి ఒక డాలరు చొప్పున కంపెనీ నిల్వ ఉంచాలి. ఆ నిల్వలో పెద్దభాగం అమెరికా ప్రభుత్వ రుణపత్రాలే. వీటికి 2025 జూలైలో అమెరికా చట్టం కూడా చేసింది. అంటే ఈ నాణెం డాలరుకు శత్రువు కాదు, దాని కొత్త వాహనం.

డాలరుకు పోటీ లేదని కాదు. దేశాల విదేశీ నిల్వల్లో దాని వాటా 1999లో సుమారు 71 శాతం. 2024 చివరకు సుమారు 58 శాతం. 2022లో రష్యా నిల్వలను స్తంభింపజేశాక పలు దేశాలు బంగారం ఎక్కువగా కొన్నాయి. డాలరును తగ్గిస్తే అపనమ్మకమే తగ్గించాలి, నాణెం కాదు.

నా భయం వేరు. ద్రవ్యం బలహీనపడిన అర్జెంటీనా, నైజీరియా వంటి దేశాల్లో జనం తమ పొదుపును ఫోనులోని డిజిటల్ డాలర్లలో దాచుకుంటున్నారు. అది పెరిగితే ధరలను అదుపుచేసే పగ్గం ఆ దేశపు కేంద్ర బ్యాంకు చేతిలో ఉండదు. 1991లో విదేశీ మారకం నిండుకుని, సుమారు 47 టన్నుల బంగారం తాకట్టు పెట్టిన రోజులు మనం చూసినవే. మన పింఛను, కరువు భత్యం వచ్చేది రూపాయల్లో. 2022 డిసెంబరులో రిజర్వు బ్యాంకు ప్రయోగాత్మకంగా ప్రజలకు తెచ్చిన డిజిటల్ రూపాయి ఒక సాధనమే. రూపాయి విలువ నిలబెట్టడమే అసలు రక్ష అని నా అభిప్రాయం.