పిల్లలపై లైంగికీకృత మార్కెటింగ్, తల్లిదండ్రుల పాత్ర

పెద్దవాళ్ళ శృంగారానికి సంబంధించిన వేషధారణ, హావభావాలు, మాటలు పిల్లలకు అంటగట్టి సరుకు అమ్ముకోవడాన్ని లైంగికీకృత మార్కెటింగ్ అంటారు. ఇది ప్రధానంగా రెండు రూపాల్లో కనిపిస్తుంది. మొదటిది, పిల్లల కోసం తయారుచేసే బట్టలు, బొమ్మలు, సౌందర్య సామగ్రిలోనే ఆ లక్షణాలు చొప్పించడం. రెండోది, పెద్దలకు అమ్మే సరుకుల ప్రకటనల్లో పిల్లలను కవ్వింపు భంగిమల్లో చూపించడం. శరీరం గురించి, భద్రత గురించి వయసుకు తగ్గట్టు చెప్పే లైంగిక విద్యకూ దీనికీ సంబంధం లేదు. అక్కడ పిల్లలకు అవగాహన కల్పిస్తారు, ఇక్కడ వాళ్ళకు అవగాహన లేకపోవడాన్ని అమ్మకానికి వాడుకుంటారు.

ఈ వ్యవహారంలో తల్లిదండ్రుల స్థానం చిక్కుతో కూడుకున్నది. డబ్బు చెల్లించేది వాళ్ళే, అడ్డుకోవలసిందీ వాళ్ళే. సోషల్ మీడియా వచ్చాక కొన్నిచోట్ల పిల్లలను ప్రచారంలోకి దించేది కూడా వాళ్ళే అవుతున్నారు.

నిర్వచనం

అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమించిన కార్యబృందం బాలికల లైంగికీకరణపై 2007లో ఇచ్చిన నివేదిక ఈ రంగంలో ఎక్కువగా ఉదహరించే పత్రం. అది నాలుగు గుర్తులు చెప్పింది. ఒక మనిషి విలువను కేవలం లైంగిక ఆకర్షణతో కొలవడం, అందంగా ఉండడమంటే ‘సెక్సీ’గా ఉండడమేనని ప్రమాణం పెట్టడం, మనిషిని ఇతరులు వాడుకునే వస్తువుగా చూడడం, తగని చోట లైంగికతను ఒకరిపై రుద్దడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది లైంగికీకరణే. పిల్లల విషయంలో నాలుగోది కీలకం. పెద్దవాళ్ళు తమంతట తాము ఎంచుకోగలరు, పిల్లలకు ఆ ఎంపిక ఉండదు.

చరిత్ర

1980లో అమెరికాలో కాల్విన్ క్లైన్ జీన్స్ ప్రకటనలో 15 ఏళ్ళ నటి బ్రూక్ షీల్డ్స్ చేత ద్వంద్వార్థపు మాటలు చెప్పించారు. కొన్ని టీవీ స్టేషన్లు దాన్ని ప్రసారం చేయలేదు, బ్రాండుకు మాత్రం దేశమంతటా పేరొచ్చింది. అదే సంస్థ 1995లో టీనేజర్లలా కనిపించే మోడళ్ళతో తీసిన ప్రకటనలపై నిరసనలు రావడంతో వాటిని ఉపసంహరించుకుంది. అమెరికా న్యాయశాఖ విచారణ కూడా జరిపింది. 1999లో చిన్నపిల్లల లోదుస్తుల ప్రకటనను సైతం ఆ సంస్థ వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

2000 దశకంలో ప్రకటనలను దాటి సరుకులోకే ఈ ధోరణి ప్రవేశించింది. 2001లో ఎంజీఏ ఎంటర్‌టైన్‌మెంట్ విడుదల చేసిన బ్రాట్జ్ బొమ్మలు దట్టమైన మేకప్‌తో, పొట్టి స్కర్టులతో వచ్చాయి. 2002లో అబర్‌క్రోంబీ అండ్ ఫిచ్ దుస్తుల సంస్థ బాలికల సైజుల్లో ‘ఐ క్యాండీ’, ‘వింక్ వింక్’ అని రాసిన థాంగ్ లోదుస్తులు అమ్మకానికి పెట్టి విమర్శలపాలైంది. 2010 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో ప్రైమార్క్ దుకాణాలు ఏడేళ్ళ పిల్లలకు ప్యాడ్లు కుట్టిన బికినీలు అమ్ముతున్నాయని బయటపడింది, వాటిని వెంటనే అల్మరాల నుంచి తీసేశారు. మరుసటి ఏడాది అబర్‌క్రోంబీ పిల్లల విభాగంలోనూ అలాంటివే కనిపించాయి. 2011లోనే జేసీపెన్నీ సంస్థ, తాను మరీ అందగత్తె కాబట్టి హోంవర్క్ సోదరుడు చేసిపెడతాడనే అర్థం వచ్చే నినాదంతో ఆడపిల్లల టీషర్టు అమ్మి, తల్లిదండ్రుల నిరసనతో ఆపేసింది. 2022 నవంబరులో బాలెన్సియాగా ఫ్యాషన్ సంస్థ ప్రకటనల్లో చిన్నపిల్లల చేతికి తోలు పట్టీలు బిగించిన టెడ్డీబేర్లు ఇచ్చి ఫొటోలు తీశారు. ఆ పట్టీలు పెద్దల లైంగిక వేషాలను గుర్తుచేసేవి కావడంతో గగ్గోలు పుట్టింది, సంస్థ క్షమాపణ చెప్పింది.

ఈ ఉదంతాల్లో చాలావాటి క్రమం ఒక్కటే. సరుకు వస్తుంది, గోల లేస్తుంది, సంస్థ వెనక్కి తగ్గుతుంది. కొన్నేళ్ళకు మరో పేరుతో అలాంటిదే మళ్ళీ వస్తుంది.

పనిచేసే తీరు

ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లలకు ప్రకటన వెనక అమ్ముకునే ఉద్దేశం ఉంటుందని తెలియదు. ప్రకటనలపై అధ్యయనం చేసిన అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ బృందం 2004లోనే ఈ విషయం చెప్పింది. తెర మీద కనిపించింది కబురో కథో అనుకుంటారు తప్ప బేరం అనుకోరు. ఆ పై వయసువాళ్ళకు ఉద్దేశం అర్థమైనా, తోటిపిల్లల్లో కలవాలన్న ఆరాటం ముందు ఆ తెలివి నిలవదు. బాల్యానికీ కౌమారానికీ మధ్యనున్న ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ పిల్లలను మార్కెటింగ్ నిపుణులు ‘ట్వీన్స్’ అని విడి వర్గంగా లెక్కిస్తారు. ఈ వయసువాళ్ళకు తమకంటే పెద్దవాళ్ళలా కనిపించాలని ఉంటుంది, చేతిలో సొంత డబ్బు ఉండదు. అందుకని ప్రకటన పిల్లలను ఊరిస్తే, పిల్లలు ఇంట్లో మారాం చేసి కొనిపిస్తారు.

తల్లిదండ్రుల కన్ను కప్పే పద్ధతి ఒకటి 2011లో వెలువడిన అధ్యయనంలో బయటపడింది. అమెరికాలోని కెన్యన్ కాలేజీ పరిశోధకులు 15 దుకాణాల వెబ్‌సైట్లలో 5,666 ఆడపిల్లల దుస్తులను పరిశీలించారు. 69 శాతం పూర్తిగా పిల్లల బట్టలే. కేవలం లైంగిక లక్షణాలే ఉన్నవి 4 శాతం. 25 శాతం దుస్తుల్లో రెండూ కలిసి ఉన్నాయి. గులాబీ రంగు, పోల్కా చుక్కలు పసితనాన్ని చూపిస్తాయి, ఛాతీని ఎత్తిచూపే కోత, పిరుదుల మీది రాత పెద్దల వేషాన్ని తెస్తాయి. బొత్తిగా అభ్యంతరకరమైనదైతే తల్లి చేత్తో ముట్టుకోదు. రంగులు చూసి ముద్దుగా ఉందనుకుని కొనేది ఈ 25 శాతాన్నే.

ప్రభావం

పరిశోధనలు ఎక్కువగా మూడు నష్టాలను చెబుతున్నాయి. తమ శరీరాన్ని ఎప్పుడూ ఇతరుల కళ్ళతో చూసుకోవడం, శరీరాకృతిపై అసంతృప్తి, చదువు మీద ఏకాగ్రత తగ్గడం. ఏకాగ్రతకు సంబంధించి 1998లో ప్రచురితమైన ఒక ప్రయోగం ప్రసిద్ధం. కాలేజీ విద్యార్థులను ఒక్కొక్కరినే గదిలోకి పంపి కొందరిని స్వెటరు, కొందరిని ఈతదుస్తులు వేసుకోమన్నారు. ఆ తర్వాత లెక్కలిచ్చారు. గదిలో వాళ్ళను చూసేవాళ్ళెవరూ లేకపోయినా ఈతదుస్తులు వేసుకున్న అమ్మాయిలకు తక్కువ మార్కులొచ్చాయి. అబ్బాయిలలో అలాంటి తేడా కనిపించలేదు.

చిన్నపిల్లల మీద జరిగిన ఒక అధ్యయనం నేరుగా ఇంటి వైపు వేలు చూపింది. 2012లో అమెరికాలో క్రిస్టీన్ స్టార్, గెయిల్ ఫెర్గూసన్ ఆరు నుంచి తొమ్మిదేళ్ళ వయసున్న 60 మంది బాలికలకు రెండు కాగితపు బొమ్మలు చూపించారు. ఒకటి ఒంటికి అతుక్కునే పొట్టి బట్టల్లో, మరొకటి ఒళ్ళు కప్పే ఫ్యాషన్ బట్టల్లో ఉన్నాయి. తాము ఏ బొమ్మలా ఉండాలనుకుంటున్నారని అడిగితే 68 శాతం మొదటిదాన్ని చూపారు. బడిలో అందరికీ నచ్చేది ఏదంటే 72 శాతం దాన్నే ఎంచారు. టీవీ, సినిమా చూసిన గంటలు ఒక్కటే ఈ ఎంపికను నిర్ణయించలేదు. తన శరీరాన్ని ఎప్పుడూ ఇతరుల దృష్టితో కొలుచుకునే తల్లి ఉండి, టీవీ కూడా ఎక్కువగా చూసే పిల్లలు మొదటి బొమ్మ వైపు మొగ్గారు. తెర మీద కనిపించినదాని మంచిచెడ్డలు పక్కన కూర్చుని చెప్పే తల్లుల పిల్లల్లో ఆ మొగ్గు తగ్గింది.

మగపిల్లలకు దీనితో సంబంధం లేదనుకోవడం పొరపాటు. ఆడవాళ్ళను వస్తువుగా చూసే అలవాటు వాళ్ళకు ఇవే ప్రకటనల నుంచి అబ్బుతుంది.

భిన్నాభిప్రాయాలు

ఆందోళన నిజమే గాని అతిగా ఉందనే పరిశోధకులూ ఉన్నారు. స్కాట్లాండ్ పార్లమెంటు కమిటీ కోసం డేవిడ్ బకింగ్‌హామ్ బృందం 2010లో తయారుచేసిన నివేదిక ఈ వాదానికి ప్రధాన ఆధారం. ఏది లైంగికం, ఏది కాదు అన్న విషయంలో తల్లిదండ్రుల మధ్యే ఏకాభిప్రాయం లేదని ఆ బృందం గమనించింది. పిల్లలు తాము చూసినదాన్ని గుడ్డిగా మింగరని, తమకు తోచినట్టు అర్థం చేసుకుంటారని కూడా చెప్పింది. ఈ చర్చంతా ఆడపిల్లల బట్టల మీదికి మళ్ళి చివరికి వాళ్ళనే తప్పుపట్టడంగా మారుతుందని స్త్రీవాద రచయిత్రులు కొందరు హెచ్చరించారు. ఆ హెచ్చరికలో బలముంది. తప్పు బట్ట వేసుకున్న పాపది కాదు, దాన్ని ఆ కొలతల్లో కుట్టి అమ్మినవాళ్ళది.

ప్రభుత్వాల చర్యలు

కెనడాలోని క్విబెక్ 1980 నుంచి 13 ఏళ్ళ లోపు పిల్లలను ఉద్దేశించిన వాణిజ్య ప్రకటనలను నిషేధించింది. ఆస్ట్రేలియాలో 2006లో ఈ అంశంపై వెలువడిన ఒక పరిశోధన సంస్థ నివేదిక దుమారం లేపింది, 2008లో సెనేట్ కమిటీ విచారణ జరిపింది. బ్రిటన్ ప్రభుత్వం మదర్స్ యూనియన్ అనే క్రైస్తవ సంస్థ అప్పటి అధిపతి రెగ్ బెయిలీ చేత 2011లో సమీక్ష చేయించింది. పిల్లలు త్వరగా పెద్దవాళ్ళయిపోవాలనే ఒత్తిడి ఉందని, అభిప్రాయం చెప్పిన తల్లిదండ్రుల్లో ప్రతి పదిమందిలో దాదాపు తొమ్మిది మంది అన్నారు. ఏ ఫిర్యాదు ఎవరికి చేయాలో తెలియక తికమకపడే తల్లిదండ్రుల కోసం నియంత్రణ సంస్థలన్నీ కలిసి పేరెంట్‌పోర్ట్ అనే ఉమ్మడి వేదికను అదే ఏడాది ప్రారంభించాయి. 18 ఏళ్ళ లోపు వారిని, ఆ వయసువారిలా కనిపించేవారిని లైంగికంగా చూపే ప్రకటనలను బ్రిటన్ ప్రకటనల నియమావళి 2018 జనవరి నుంచి నిషేధించింది.

భారతదేశంలో

మన దేశంలో ఈ సమస్య బట్టల దుకాణం కంటే ముందు టీవీ తెర మీద చర్చకు వచ్చింది. సినిమాల్లో పెద్దవాళ్ళు చేసిన నాట్యాలను, ఐటెం పాటలతో సహా, పసిపిల్లల చేత చేయించే డాన్స్ రియాలిటీ కార్యక్రమాలు హిందీలోనూ తెలుగులోనూ జనాదరణ పొందాయి. 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖ, ఇలాంటి నాట్యాలు వయసుకు తగనివని, కవ్వింపుగా ఉంటున్నాయని పేర్కొంటూ, సంయమనం పాటించాలని ప్రైవేటు చానళ్ళకు సూచన పంపింది. బడి వార్షికోత్సవాల్లోనూ ఇవే పాటలు వినిపిస్తాయి, ముందు వరుసలో కూర్చుని ఫోన్లో చిత్రీకరించేది అమ్మానాన్నలే.

చట్టపరంగా రక్షణలు ఉన్నాయి గాని ఒకేచోట లేవు. లైంగిక నేరాల నుంచి పిల్లలను రక్షించే 2012 నాటి పోక్సో చట్టం 13వ సెక్షన్ ప్రకారం, లైంగిక తృప్తి కోసం ప్రకటనల్లోనైనా కార్యక్రమాల్లోనైనా పిల్లలను అసభ్యంగా చూపించడం నేరం. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాలు పిల్లల అమాయకత్వాన్ని వాడుకోవడాన్ని, తమ శరీరం పట్ల వాళ్ళకు చిన్నచూపు కలిగించడాన్ని, అమ్మానాన్నల చేత కొనిపించుకోమని నేరుగా పురిగొల్పడాన్ని నిషేధించాయి. బాలనటులు రోజుకు ఐదు గంటలకు మించి పనిచేయకూడదని, వాళ్ళ సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ళ పేరుతోనే ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలని 2017 నాటి బాలకార్మిక నిబంధనలు చెబుతున్నాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళ లోపు వారి ఆన్‌లైన్ కదలికలను గమనించి వాళ్ళకు గురిపెట్టే ప్రకటనలను కట్టడి చేసే నిబంధన పెట్టింది.

తల్లిదండ్రుల పాత్ర

కొనేటప్పుడు చూడవలసింది పొడవూ పొట్టీ ఒక్కటే కాదు. ఆ బట్టతో పాప పరుగెత్తగలదా, చెట్టెక్కగలదా, మాటిమాటికీ సర్దుకోవలసి వస్తుందా అన్నది తేలికైన పరీక్ష. సర్దుకుంటూ కూర్చునే పిల్ల ఆడుకోదు.

వద్దని కసిరితే సరిపోదు. ఆ ప్రకటన ఏం అమ్మాలని చూస్తోంది, ఆ అమ్మాయిని అలాగే ఎందుకు నిలబెట్టారు అని అడిగితే ఎనిమిదేళ్ళ పిల్లలు కూడా చక్కగా ఆలోచిస్తారు. స్టార్, ఫెర్గూసన్ ఫలితాలు చెప్పేదీ ఇదే. అద్దం ముందు తల్లి తన లావునూ రంగునూ తిట్టుకుంటే, పరాయి ఆడవాళ్ళ రూపం మీద తండ్రి వ్యాఖ్యానాలు చేస్తే, పిల్లలు పాఠం నేర్చుకునేది అక్కడే.

పిల్లల ఫొటోలు, రీల్స్ పెట్టడం మూడో అంశం. 2024 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక తల్లులు నడిపే దాదాపు 5,000 బాలికల ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలను పరిశీలించి, అనుచరుల్లో పరాయి మగవాళ్ళు పెద్దసంఖ్యలో ఉన్నారని, కొందరు అసభ్య సందేశాలు పంపుతున్నారని వెల్లడించింది. దుస్తుల కంపెనీలు ఉచితంగా సరుకు పంపి ఈ ఖాతాల్లో ప్రచారం చేయించుకుంటున్నాయి. ఆన్‌లైన్‌లో పిల్లలతో సంపాదిస్తే అందులో కొంత వాళ్ళ పేరున దాచాలని ఫ్రాన్స్ 2020లోనే చట్టం చేసింది. మన దగ్గరా పాప చేత లిప్‌సింక్ చేయించి పెట్టే ముందు, చూసేవాళ్ళలో తెలియనివాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్క చూసుకోవాలి.

అయితే భారమంతా ఇంటి మీదే వేయడం న్యాయం కాదు. కంపెనీకి మనస్తత్వ నిపుణులు, కోట్ల బడ్జెట్ ఉంటాయి, తల్లికి ఉండేది సాయంత్రం వంటింట్లో దొరికే కాస్త తీరిక. ప్రైమార్క్, జేసీపెన్నీ ఉదంతాల్లో సరుకు వెనక్కి వెళ్ళింది తల్లిదండ్రులు ఒక్కొక్కరూ కొనడం మానినందుకు కాదు, కలిసి గట్టిగా అడిగినందుకు. అభ్యంతరకరమైన ప్రకటనలపై భారత ప్రకటనల ప్రమాణాల మండలికి ఎవరైనా ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వినియోగదారుల సహాయవాణి నంబరు 1915, పిల్లలకు హాని జరుగుతున్నట్టు అనుమానం ఉంటే పిలవవలసిన నంబరు 1098.